ఇన్‌స్ట్రుమెంట్ గంటలు లాగ్‌బుక్‌లో ఎలా రాస్తున్నారు? బెంగళూరు పైలట్లు చెప్పండి

జక్కూర్_జూనియర్: అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది అనంతపురం, ఉండేది యలహంకలో. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్), ఐఆర్ (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) అయ్యాక ఒక చార్టర్ కంపెనీలో కో-పైలట్‌గా చేరాను. మేం వెళ్లే ప్రతి ఫ్లైటూ ఐఎఫ్‌ఆర్ (ఇన్‌స్ట్రుమెంట్ల ఆధారంగా ఎగిరే నిబంధనలు) ప్లాన్ మీదే. మరి బెంగళూరు–చెన్నై ఎగిరిన టైమంతా ఇన్‌స్ట్రుమెంట్ కాలమ్‌లో వేసుకోవచ్చా? నాతోటివాళ్లు కొందరు అలాగే వేస్తున్నారు.

నెల్లూరు_ఫ్లయర్: వద్దు తమ్ముడూ. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో లైసెన్సుల నిబంధనల్లో, అంటే అనెక్స్ 1లో, ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ నిర్వచనం స్పష్టంగా ఉంది. బయటి ఆధారమేదీ లేకుండా, ఇన్‌స్ట్రుమెంట్లు మాత్రమే చూసి విమానం నడిపిన సమయమే అది. ప్లాన్ ఐఎఫ్‌ఆర్ అయినా, కింద కోలారు చెరువులు కనబడుతుంటే ఆ టైమ్ లెక్కలోకి రాదు. నవంబర్‌లో చెన్నై మీద మబ్బులోకి దూరి, ఐఎల్‌ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో సిగ్నల్) పట్టుకుని, రన్‌వే లైట్లు కనబడేదాకా దిగావనుకో, ఆ పది పన్నెండు నిమిషాలు నీవే. ధైర్యంగా రాసుకో.

మేఘమాల: నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. బయట కనబడకుండా కళ్లకు అడ్డుగా హుడ్ పెట్టుకుని ఎగిరిన టైమ్ కూడా వస్తుంది, కానీ పక్క సీట్లో బయట చూసే పైలట్ ఉండాలి, ఆయన పేరు రిమార్క్స్‌లో ఉండాలి. సిమ్యులేటర్ సంగతి వేరు. అది ఇన్‌స్ట్రుమెంట్ గ్రౌండ్ టైమ్, మొత్తం ఫ్లయింగ్ గంటల్లో కలపకూడదు. సీపీఎల్‌కి కావలసిన 10 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్‌లో 5 గంటలకు మించి సిమ్యులేటర్‌వి చెల్లవు. పిల్లలు రెండూ ఒకే కాలమ్‌లో కలిపేస్తారు, తర్వాత విడదీయడానికి నానా తంటాలు.

టెక్సస్_టు_దేవనహళ్లి: విదేశాల్లో ట్రైనింగ్ అయి వచ్చినవాళ్లకు ఒక మాట. అమెరికాలో లాగ్‌బుక్ దశాంశాల్లో రాస్తారు. 0.1 అంటే 6 నిమిషాలు. అక్కడి 1.5 ఇక్కడ 1:30 అవుతుంది, 1:50 కాదు. ఒక్కో లైన్‌లో 20 నిమిషాలు ఎక్కువ పడితే చివరికి మొత్తం ఎక్కడికి పోతుందో చూడండి! దయచేసి ప్రతి లైనూ మార్చుకున్నాకే కూడండి.

జక్కూర్_జూనియర్: చాలా థ్యాంక్స్. ఆటోపైలట్ ఉంటే? రాత్రి పూట?

పాత_కెప్టెన్: మబ్బులో ఆటోపైలట్ వేసినా ఇన్‌స్ట్రుమెంట్లు చూస్తూ విమానాన్ని నడిపించేది నువ్వే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దాన్ని ఒప్పుకుంటుంది. రాత్రి విషయానికొస్తే, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దారిలో చంద్రుడు లేని రాత్రి సముద్రం మీద ఉన్నావనుకో. నీళ్లేవో ఆకాశమేదో తెలియదు. ఇలాంటి స్థితిని కూడా నిజమైన ఇన్‌స్ట్రుమెంట్ పరిస్థితిగా లెక్కించవచ్చని 1984లోనే ఎఫ్‌ఏఏ న్యాయ విభాగం చెప్పింది, కారణం లాగ్‌బుక్‌లో రాయమంది. ఇవి మన దేశపు నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు కావు బాబూ, కాబట్టి మీ ట్రైనింగ్ విభాగాన్ని అడిగి రాతపూర్వకంగా తెచ్చుకో. నేను మాత్రం ఫ్లయింగ్ నా చేతిలో ఉన్న లెగ్గుకే (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా) ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ వేసుకుంటాను, పక్క పైలట్ నడుపుతుంటే మానిటరింగ్ చేసిన లెగ్గుకు వేయను.

ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నవాణ్ణి, అందుకే గట్టిగా చెబుతున్నా. బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నం గంటసేపు యాక్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉంటే ముందు అడిగేది ఆ రోజు వాతావరణమే. అక్కడ తడబడితే మిగతా పేజీలన్నిటి మీదా అనుమానం వస్తుంది. తక్కువ గంటలున్న కుర్రాడికి ఉద్యోగం ఇచ్చాం, గంటలు పెంచి రాసినవాడికి ఇవ్వలేదు.

నెల్లూరు_ఫ్లయర్: కెప్టెన్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. యూరప్ లైసెన్స్‌కు మారాలనుకునేవాళ్లు ఐఎఫ్‌ఆర్ టైమ్‌ను వేరే కాలమ్‌లో రాసుకోండి, అక్కడి లాగ్‌బుక్ అడిగేది అదే.

జక్కూర్_జూనియర్: ఈ రాత్రికే రెండు కాలమ్స్ విడివిడిగా గీస్తాను. అప్రోచ్ (రన్‌వేకి దిగిన పద్ధతి) పేరు కూడా రాయాలా సర్?

పాత_కెప్టెన్: రాయి. "ఐఎల్‌ఎస్ 07, చెన్నై, మబ్బులో 12 నిమిషాలు." విమానం దిగిన రోజే రాయి, వారం ఆగితే నిమిషాలు గుర్తుండవు.