జర్మనీ వెళ్లే విద్యార్థి అక్కడి వంటకాల్లో ముందుగా ఏవి తినాలి?

ప్రశ్న (కందుకూరు నుంచి):
అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకు మా తమ్ముడు స్టుట్‌గార్ట్ వెళ్తున్నాడు. అమ్మ ఇప్పటికే పచ్చళ్లు, పొడులు మూటలు కడుతోంది కానీ, అంత దూరం వెళ్లి రెండేళ్లూ ఆవకాయన్నంతోనే గడపడం వాడికి ఇష్టం లేదు. చేపలు, కోడి, పొట్టేలు తింటాడు. పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టడు. అటువంటివాడు దేనితో మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (నెల్లూరు, ప్రస్తుతం స్టుట్‌గార్ట్):
మీ తమ్ముడు వచ్చేది ష్వాబియా ప్రాంతానికి కనుక, మొదట కేజెష్పెట్స్‌లె తినమనండి. గోధుమపిండిలో కోడిగుడ్లు కలిపి, ఆ జారుపిండిని చిల్లుల పలక మీదుగా, మనం బూందీ దూసినట్టే, మరిగే నీళ్లలోకి వదులుతారు. పైకి తేలినవాటిని తీసి, పొరపొరకూ చీజ్ వేసి, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు పైన చల్లుతారు. కారం మాత్రం ఆశించవద్దు, కాస్త మిరియాల పొడి, జాజికాయ తగిలితే అదే ఎక్కువ.

అయితే, పప్పు కదా అని లిన్‌జెన్‌ను, అంటే ఇక్కడి పప్పు వంటకాన్ని, నమ్మకూడదు. వచ్చిన మొదటి వారంలో విశ్వవిద్యాలయ భోజనశాలలో, ఇక్కడ దాన్ని మెన్జా అంటారు, నేను సగం గిన్నె ఖాళీ చేశాక అడుగున గులాబీరంగు ముక్కలు కనిపించాయి. అది ష్పెక్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం. ష్వైన్ అంటే పంది, రింట్ అంటే గొడ్డు మాంసం. ఈ మూడు మాటలూ విమానం ఎక్కకముందే కంఠస్థం చేయించండి.

జవాబు 2 (ఒంగోలు):
కార్టోఫెల్‌పుఫర్‌ను మరిచారు. బంగాళాదుంప తురుము, ఉల్లిపాయ, గుడ్డు కలిపి నూనెలో కాల్చే ఈ అట్టును ఆపిల్ గుజ్జుతో తింటారు. వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ, పెసరట్టుకు బెల్లం వేసిన అల్లం పచ్చడి నంజుకునే మనకు అది ఎంతమాత్రం కొత్త కాదు. అసలు కష్టం రాత్రి భోజనంతోనే. చాలా ఇళ్లలో అది ఆబెంట్‌బ్రోట్, అంటే రై అనే ధాన్యపు పులిసిన పిండితో చేసిన రొట్టె, వెన్న, చీజ్, పొయ్యి వెలిగించరు. వేడన్నానికి అలవాటుపడిన ప్రాణానికి నాకు ఏడాది పట్టింది.

జవాబు 3 (కావలి):
చేపలు తింటాడంటున్నారు కనుక, హాంబుర్గ్ వైపు వెళ్తే బ్రెడ్డులో పెట్టి ఇచ్చే హెరింగ్ చేపను విడిచిపెట్టవద్దు. వండరు, వెనిగర్‌లో ఊరవేస్తారు. చింతపండు పులుసులో చేపను ఎరిగిన నెల్లూరు నాలుకకు ఆ పులుపు త్వరగానే నచ్చుతుంది, నీచువాసన మాత్రం ఓర్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మూడు మాటలూ కాగితం మీద రాయించి పర్సులో పెట్టించాను. వాడు చాక్లెట్లు, మిఠాయిలు కూడా తెగ తింటాడు, వాటిలోనూ చూసుకోవలసినవి ఉన్నాయా?

జవాబు 1:
సాగే జిగురు మిఠాయిలు చూసుకోవాలి. చాలావాటిలో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ మీద వేగన్ అని ఉన్నవి కొనుక్కోమనండి.