బావమరిది హోమ్ లోన్‌కి గ్యారంటర్‌ని, ఇప్పుడు నాకూ నోటీసు వచ్చింది

అందరికీ నమస్కారం. 2019లో మా బావమరిది మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు లోన్‌కి గ్యారంటర్‌గా నన్ను సంతకం పెట్టమన్నాడు. "ఊరికే ఫార్మాలిటీ బావా" అన్నాడు. అత్తారింటి మొహమాటం, కాదనలేకపోయాను.

ఇప్పుడు వాడి ఉద్యోగం పోయింది, ఈఎంఐలు ఆగిపోయాయి. 90 రోజులు దాటాక బ్యాంకు ఖాతాను ఎన్‌పీఏగా (మొండి బాకీగా) మార్చి, 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే చట్టం) సెక్షన్ 13(2) కింద ఇద్దరికీ నోటీసు పంపింది. 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టాలట.

అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలని, ఫ్లాట్ స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోపు డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి) వెళ్లొచ్చని తెలుసుకున్నాను. అక్కడిదాకా అర్థమైంది.

నా టెన్షన్ వేరే. ఉప్పల్‌లో నా ఇల్లు ఉంది, దాన్ని ఎక్కడా తాకట్టు పెట్టలేదు. కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం పూచీ ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమట. వేలంలో ఫ్లాట్ తక్కువకి పోతే, మిగతా బాకీకి కేసు వేసి నా ఇంటి మీదికి వస్తారా? ముందు ఫ్లాట్ అమ్ముకోండి, తర్వాతే నా దగ్గరికి రండి అని అడిగే హక్కు నాకుందా?

ఇంకొకటి. నోటీసు వచ్చాక ఫ్లాట్ అమ్మాలంటే బ్యాంకు రాతపూర్వక అనుమతి కావాలి. హైదరాబాద్‌లో ఎవరైనా అలా అనుమతి తెచ్చుకుని, వేలం దాకా పోకుండా బయట అమ్మి బాకీ తీర్చారా? ఎన్నాళ్లు పట్టింది?

మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. వాళ్ల తమ్ముడు కదా, చెబితే ఇంట్లో ఇంకో వేలం మొదలవుతుంది.