వీజీటీ టర్బోలో వేన్‌లు మూస్తే ఎఫిషియెన్సీ ఎందుకు ఇంతలా పడిపోతోంది?

ఫైనలియర్_మెక్:
అందరికీ నమస్తే. మా ప్రాజెక్టు 1.3 లీటర్ల డీజిల్‌కి వేరియబుల్ జామెట్రీ టర్బైన్ (వీజీటీ) డిజైన్, అంటే టర్బైన్ వీల్ చుట్టూ ఉండే చిన్న రెక్కలు (వేన్‌లు) తిరిగి ఎగ్జాస్ట్ గ్యాస్ దారిని సన్నగానో వెడల్పుగానో చేసే టర్బో. మల్టీజెట్ ఇంజిన్ స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో 75 పీఎస్, ఎర్టిగాలో వీజీటీతో 90 పీఎస్ ఇచ్చింది కదా, అందుకే దాన్ని తీసుకున్నాం. సీఎఫ్‌డీలో (కంప్యూటర్‌లో గ్యాస్ ప్రవాహాన్ని లెక్కించే పద్ధతి) వేన్‌లు తెరిచి ఉన్నప్పుడు బాగుంది, మూసేకొద్దీ ఎఫిషియెన్సీ ఘోరంగా పడిపోతోంది. వేన్ ప్రొఫైల్ ఎన్ని రకాలుగా మార్చినా అంతే. వేన్ అంచుకీ పక్క గోడకీ మధ్య గ్యాప్ రెండు వైపులా 0.1 మి.మీ. ఇచ్చాం. ఇంకోటి, ఇంత మంచి పద్ధతి పెట్రోల్ కార్లలో ఎందుకు తక్కువ?

నాజిల్_రింగ్:
ప్రొఫైల్‌ని కాసేపు వదిలేయండి తమ్ముడూ, అసలు సంగతి ఆ గ్యాప్‌లోనే ఉంది. వేన్‌లు మూస్తే వాటి మధ్య దారి సన్నబడుతుంది, కానీ వేన్ అంచుకీ గోడకీ మధ్య సందు అంతే ఉంటుంది, పైగా వేన్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా పెరుగుతుంది కాబట్టి సందులోంచి జారిపోయే గ్యాస్ వాటా బాగా ఎక్కువవుతుంది, అది వీల్ మీద సరైన కోణంలో పడదు. సున్నా, 0.05, 0.1 మూడు గ్యాప్‌లతో రన్ చేయండి, ఎంత నష్టం దీనివల్లో తెలిసిపోతుంది. కొంత తగ్గుదల ఎలాగూ ఉంటుంది, టర్బైన్‌ని డిజైన్ చేసిన స్థితి (డిజైన్ పాయింట్) అది కాదు కదా.

అలాగని గ్యాప్ మరీ తగ్గించొద్దు. వేడికి హౌసింగ్ వంకర పోతుంది, మసి పేరుకుంటుంది, వేన్‌లు పట్టేస్తాయి. అందుకే వేన్‌లకి అటూ ఇటూ ఉండే రెండు ప్లేట్ల మధ్య స్పేసర్లు పెట్టి, నాజిల్ రింగ్ (వేన్‌లు, ప్లేట్లు కలిసిన భాగం) మొత్తాన్నీ హౌసింగ్‌కి గట్టిగా బిగించకుండా కాస్త కదిలేలా ఉంచుతారు. వేన్ తిరిగే ఇరుసు (పివట్) కూడా గ్యాస్ తోపుడుకి వేన్ తెరుచుకునే చోట పెట్టండి, వేన్‌లని తిప్పే యాక్చుయేటర్ పోయినా టర్బో ఓవర్‌స్పీడ్ అవదు.

బ్లేడ్_వైబ్రేషన్:
పైన చెప్పింది నిజం. దానికి తోడు వేన్‌ల సంఖ్య కూడా చూసుకోండి. ప్రతి వేన్ దాటినప్పుడల్లా బ్లేడ్‌కి ఒక దెబ్బ తగులుతుంది, వేన్‌లు మూసినప్పుడు అది మరీ గట్టిగా ఉంటుంది. వేన్‌ల సంఖ్యని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చే ఫ్రీక్వెన్సీ బ్లేడ్ సహజ ఫ్రీక్వెన్సీకి దగ్గరగా వస్తే బ్లేడ్ విరుగుతుంది. క్యాంప్‌బెల్ డయాగ్రామ్ (ఏ వేగంలో ఈ రెండు ఫ్రీక్వెన్సీలు కలుస్తాయో చూపే గ్రాఫ్) గీయకుండా సంఖ్య ఖాయం చేయకండి.

పెట్రోల్_అభిమాని:
రెండో ప్రశ్నకి నేను చెప్తా. కారణం వేడి. డీజిల్ ఎగ్జాస్ట్ 800 డిగ్రీల లోపు, పెట్రోల్‌ది 1000 వరకూ పోతుంది, అంత వేడిలో వేన్‌లని తిప్పే సన్నని పిన్‌లు, లివర్లు పట్టేయకుండా తిరగాలంటే ఖరీదైన లోహం కావాలి, వేస్ట్‌గేట్ (ఎక్కువైన గ్యాస్‌ని టర్బైన్ పక్కనుంచి పంపేసే వాల్వ్) అయితే చవకలో పనైపోతుంది. హోండా 1988లోనే లెజెండ్ అనే పెట్రోల్ కారులో వింగ్ టర్బో పేరుతో వీజీటీ తెచ్చింది. 2006లో పోర్షా 911 టర్బో కోసం వేడి తట్టుకునే మిశ్రలోహాలతో చేశారు. నాకు బాగా నచ్చింది మాత్రం ఫోక్స్‌వ్యాగన్ 1.5 టీఎస్ఐ ఈవో పెట్రోల్ ఇంజిన్‌లో 130 పీఎస్ రకం దారి. లోహం మీదే భారం వేయకుండా మిల్లర్ సైకిల్‌తో (గాలి లోపలికొచ్చే వాల్వ్‌ని ముందే మూసే పద్ధతి) ఎగ్జాస్ట్ వేడినే 880 డిగ్రీలకి దించి, వీజీటీ పెట్టారు. మీరు పెట్రోల్‌కి ప్రయత్నిస్తే టర్బైన్ కంటే ముందు వాల్వ్ టైమింగ్‌తో మొదలుపెట్టండి.