సమస్యాపూరణం: పాడినట్టి గొంతె పాడలేదు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం, "పాడినట్టి గొంతె పాడలేదు". విషయం, టీవీ ప్రకటనల్లో వాడుకునే పేరున్న పాటలు. పాడిన గొంతు పాడకపోవడమేమిటో మీ మూడు పాదాల్లో తేల్చండి.

పాతరేడియో:

కారు నమ్ముకొనఁగ కంపెనీ యడిగిన
కాదనియెను పాత గాయకమణి
అచ్చుగుద్దినట్టు లన్యురా లిడె గొంతు
పాడినట్టి గొంతె పాడలేదు!

ఇది అమెరికాలో నిజంగా జరిగింది. ఫోర్డ్ కారు ప్రకటనకు గాయని బెట్ మిడ్లర్ పాడిన పాట కావాలన్నారు. ఆమె తరఫువాళ్లు వద్దన్నారు. అప్పుడు ప్రకటన తీసే ఏజెన్సీ ఆమె వెనక కోరస్ పాడిన గాయనినే పిలిచి, వీలైనంత వరకు ఆమెలాగే పాడమంది. విన్నవాళ్లు మిడ్లరే అనుకున్నారు.

ఛందోమిత్ర: కథ సమస్యకు అతికినట్టు సరిపోయింది. రెండో పాదంలో "పాత" మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది. "కాదనియెను మొదటి గాయకమణి" అనండి. గణం చెడదు, ఎవరి గొంతు ఎవరిదో కూడా తెలుస్తుంది. ఇంకో మాట. ఆ పాట వాడుకోవడానికి ఏజెన్సీ హక్కుదారు దగ్గర అనుమతి తీసుకుంది. అంటే రచన, బాణీ వరకు వాళ్ల తప్పేమీ లేదు. అయినా పేరున్న గాయని గొంతును అమ్మకం కోసం కావాలని అనుకరించడం తప్పేనని 1988లో అప్పీలు కోర్టు తేల్చింది. తర్వాత జ్యూరీ ఆమెకు 4 లక్షల డాలర్లు ఇప్పించింది. పాటను కొనుక్కోవచ్చు, గొంతు ఆ బేరంలోకి రాదు. మీ మూడో పాదం బలమంతా అక్కడే ఉంది.

పాతరేడియో: "మొదటి" బాగుంది గురువుగారూ, మార్చుకుంటున్నాను.

వెన్నెలవాన:

ప్రేమ కొరకు నాడు పెల్లుబికిన పాట
సబ్బు నురుగు మీద సాగు నేడు
అమ్మకాని కెపుడు సంతలో నిలుచుండి
పాడినట్టి గొంతె పాడలేదు

మా అమ్మ పనిచేసుకుంటూ ఎప్పుడూ కూనిరాగం తీసే పాట ఒకటుంది. ఆమె పోయిన ఏడాదే అది ఒక సబ్బు ప్రకటనలో వినిపించింది. చేతిలో రిమోట్ ఉంది, ఛానెల్ మార్చలేకపోయాను, చూడలేకపోయాను. పాట అయిపోయాక వచ్చిన ఆ సబ్బు పేరు ఇప్పటికీ నాకు కంటగింపే.

ఛందోమిత్ర: అమ్మా, "సబ్బు నురుగు మీద సాగు" చదివి కాసేపు ఆగిపోయాను. ఈ వారం నాకు బాగా నచ్చిన పాదం ఇదే. కానీ మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం, తప్పింది. "అ"కు "సం" చెల్లదు. "సరుకు కొరకు నెపుడు సంతలో నిలుచుండి" అంటే స-సం కుదురుతుంది. మొదటి పాదంలోని "ప్రేమ కొరకు"కు ఎదురుగా "సరుకు కొరకు" కూడా నిలుస్తుంది.

వెన్నెలవాన: అవునండీ, ఆ రెండు "కొరకు"ల మధ్యే నా బాధంతా ఉంది. అలాగే ఉంచుతాను.

చిరుగాలి:

బ్రతికియున్న నాడు పట్టించుకొనరైరి
పాతికేండ్ల కతని పాట మొరసె
చిన్నతెరను, నేడు జేజేలు వినవచ్చె
పాడినట్టి గొంతె పాడలేదు

ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ గురించి రాశాను. 1974లో, 26 ఏళ్లకే పోయాడు. ఉన్నన్నాళ్లూ ఆల్బమ్‌లు అమ్ముడుపోలేదు. 1999లో ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో అతని పాట "పింక్ మూన్" వినిపించాక జనం అతని ఆల్బమ్‌ల కోసం ఎగబడ్డారు. కాబట్టి ప్రకటనల్లో పాట వస్తే ఎప్పుడూ చెడే అనలేను. ఆ ప్రకటన లేకపోతే అతని పేరు నా దాకా వచ్చేదే కాదు.

పాతరేడియో: ఒక సందేహం. ఆ ప్రకటనలో వినిపించింది అతని సొంత రికార్డింగే కదా? మరి పాడినట్టి గొంతు పాడలేదని ఎలా అంటారు?

ఛందోమిత్ర: మంచి ప్రశ్న. "పాడలేదు" అంటే పాడటం జరగలేదనీ చెప్పవచ్చు, గొంతు విషయంలో పాడజాలదనీ చెప్పవచ్చు. చిరుగాలి పూరణలో రెండో అర్థం తీసుకోవాలి. జేజేలు ఇప్పుడు వస్తున్నాయి, మరో పాట పాడమంటే ఆ గొంతు లేదు. ముగ్గురిలో సమస్య అర్థాన్నే మలుపు తిప్పినది ఇదొక్కటే.

చిరుగాలి: రాసేటప్పుడు నేను "పాడజాలదు" అనే అనుకున్నాను గురువుగారూ. అది మీ దాకా చేరింది, చాలా సంతోషం.