ఘోర్మే సబ్జీ చేదెక్కుతోంది, నూనె తేలడం లేదు. తప్పెక్కడ?

ప్రశ్న:
ఇరానీయుల ఆకుకూరల మాంసం పులుసు, ఘోర్మే సబ్జీ, రెండుసార్లు వండాను, రెండుసార్లూ చేదే. అరకిలో పొట్టేలు మాంసానికి పార్స్లీ (కొత్తిమీరలాంటి ఆకు), కొత్తిమీర ఒక్కో కట్ట, మెంతికూర రెండు కట్టలు వేశాను. ఆకులన్నీ మిక్సీ పట్టి ఐదు నిమిషాలు వేయించాను. ఆరు ఎండు నిమ్మకాయలు, నానబెట్టిన రాజ్మా మాంసంతో పాటే వేశాను. మూడు గంటలు ఉడికినా రాజ్మా గట్టిగానే ఉంది. ఆకు ఒకవైపు, నీళ్లు ఒకవైపు. కొలతలతో చెప్పగలరా?

జవాబు 1:
మెంతికూర చాలా ఎక్కువైందండీ. ఈ వంటలో పెద్దపీట పార్స్లీది. అరకిలో మాంసానికి పార్స్లీ 250 గ్రాములు, తరే (ఉల్లికాడల్లాంటి ఇరానీ ఆకు) 200, కొత్తిమీర 100, మెంతికూర 50 గ్రాములు దాటకూడదు. ఎండు మెంతాకైతే ఒక పెద్ద చెంచా చాలు. తరే దొరక్కపోతే ఉల్లికాడల పచ్చభాగం వేయండి. పాలకూరతో లెక్క సరిపెట్టకండి, జిగురొస్తుంది.

ఇక మిక్సీ వద్దు. మిక్సీలో ఆకు నలిగి నీరొదులుతుంది, ఆ నీళ్లలో ఉడుకుతుందే తప్ప వేగదు. కడిగి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి, కత్తితో సన్నగా తరగండి. వెడల్పాటి మూకుడులో ఆరేడు పెద్ద చెంచాల నూనె వేసి మధ్యస్థ సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు కలుపుతూ వేయించాలి. మొదట చిటపటలాడుతూ ఆవిరి వస్తుంది. ఆ చప్పుడు తగ్గి, పచ్చివాసన పోయి, కుప్పగా ఉన్న ఆకు పావువంతుకు దిగి, ముదురు ఆకుపచ్చ రంగుకు రావాలి. మెంతికూర మాత్రం చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి, అది తొందరగా మాడుతుంది. నల్లబడిందా, ఆ చేదును ఏదీ విరవలేదు.

జవాబు 2:
పైవారు చెప్పింది సరైనదే. రాజ్మా ఉడక్కపోవడానికి కారణం నిమ్మకాయలు. పులుపు తగిలితే గింజ మెత్తబడదు. ముప్పావు కప్పు రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలు తెర్లనిచ్చి, తర్వాత విడిగా ముక్కాలు వంతు ఉడికించండి.

మాంసం ఎముకతో ఉన్న భుజం ముక్కలైతే మంచిది. రెండు ఉల్లిపాయలు వేయించి, ముక్కలు, ఒక చిన్న చెంచా పసుపు, అర చెంచా మిరియాలపొడి వేసి, ఐదు కప్పుల నీళ్లతో గంటసేపు సన్నని సెగ మీద ఉడకనివ్వండి. అల్లంవెల్లుల్లి, గరంమసాలా, కారం వద్దు. తర్వాత వేయించిన ఆకు, రాజ్మా వేసి ఇంకో గంటన్నర. ఉప్పు చివర్లోనే.

ప్రశ్న అడిగినవారు:
నిమ్మకాయలు ఎప్పుడు? కుక్కర్‌లో పెట్టొచ్చా?

జవాబు 2:
మాంసం వరకు కుక్కర్ పర్వాలేదు. ఆకు వేశాక మూత పూర్తిగా బిగించకండి. నీరు మెల్లగా ఇగిరితేనే ఆకూ పులుసూ కలిసి, పైన నూనె తేలుతుంది. ఇరానీయులు దీన్నే 'జా ఒఫ్తాదన్' అంటారు, కుదురుకోవడమన్నమాట. మన గోంగూర మాంసం దగ్గరపడి నూనె వదిలినట్టే.

జవాబు 3:
నిమ్మకాయల సంగతి నేను చెబుతాను. నాలుగు చాలు. నల్లగా ఉన్నవి కాక లేత గోధుమరంగువి ఎంచుకోండి, చేదు తక్కువ. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. ఒక కొస కోసి గింజలు తీసేయండి. గింజల్లోనే చేదు ఎక్కువ. ఫోర్కుతో రెండు చోట్ల గుచ్చి, చివరి 45 నిమిషాల్లో వేయండి. మధ్యలో గరిటెతో నొక్కి చూడండి: స్పాంజిలా మెత్తబడి పులుసు పీల్చుకుంటే సరి. ఇవి గల్ఫ్ దుకాణాల్లో 'లూమీ' పేరుతో దొరుకుతాయి, అక్కడున్న మనవాళ్లను అడగొచ్చు. అసలు దొరక్కపోతే దించేముందు రెండు చెంచాల నిమ్మరసం పిండండి. పులుపొస్తుంది గానీ ఆ ఎండుకాయ వాసన రాదు.

వార్చి మగ్గబెట్టిన బాస్మతి అన్నంతో వడ్డించండి, అడుగున ఎర్రగా కట్టిన 'తహదీగ్' చెక్కతో సహా.