మ్యాథ్స్ మానేసి సైకాలజీ తీసుకుంటానంటోంది, సంతకం పెట్టమంటారా?

రాధిక_రెడింగ్
అందరికీ నమస్కారం. మేముండేది బ్రిటన్‌లో. మా అమ్మాయికి ఆగస్టులో జీసీఎస్ఈ, అంటే ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్షల రిజల్ట్స్ వచ్చాయి, మార్కులు బాగానే ఉన్నాయి. మన ఇంటర్ లాంటి సిక్స్త్ ఫామ్ కాలేజీలో కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్‌తో చేరింది. రెండు వారాలు తిరక్కుండానే మ్యాథ్స్ వదిలేసి సైకాలజీకి మారతానంటోంది. వచ్చే శుక్రవారం దాకానే గడువు, ఫారం మీద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. మెడిసిన్ ఆలోచన ఉంది కానీ అదే కావాలన్న పట్టు లేదు. మావారు ససేమిరా అంటున్నారు. నేను మన దగ్గర బైపీసీ చదివి వచ్చినదాన్ని, ఈ దేశం చదువులు నాకు అంతుబట్టవు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసరావుపేట_వెంకట్
పెట్టొద్దమ్మా. మ్యాథ్స్ ఉంటే రేపు మెడిసిన్ సీటు రాకపోయినా ఇంజినీరింగో, ఎకనామిక్సో, కంప్యూటర్సో ఏదో ఒకటి పట్టుకోవచ్చు. సైకాలజీ అసలు సైన్సే కాదు. ఇక్కడ పేరున్న రస్సెల్ గ్రూప్ యూనివర్సిటీలే ఒక లిస్టు ఇచ్చాయి, ఈ సబ్జెక్టులు తీసుకుంటే మంచిదని. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, హిస్టరీ, జాగ్రఫీ, ఇంగ్లీష్ లిటరేచర్, భాషలు. అందులో సైకాలజీ లేదు.

కరీంనగర్_సతీష్
మా పెద్దబిడ్డ గదే తీస్కుంది అక్కా. మంచిగనే ఉంది. గని రాసుడు మస్తుంటది.

వైజాగ్_లక్ష్మి
రాధిక గారూ, నేను మిడ్‌లాండ్స్‌లో ఒక సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వెంకట్ గారు చెప్పిన లిస్టును రస్సెల్ గ్రూప్ 2019లోనే తీసేసింది. దాన్ని పట్టుకుని ఇంకా పిల్లల్ని భయపెట్టడం న్యాయం కాదు. ఇక సైన్సు సంగతి. 2014లో ఇక్కడి విద్యాశాఖ కొత్త ఎ-లెవెల్, అంటే సిక్స్త్ ఫామ్ రెండేళ్ళ చదువు, పాఠ్యాంశాలు ఖరారు చేసినప్పుడు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ నాలుగింటినీ ఒకే పత్రంలో పెట్టింది.

పరీక్షలు పెట్టే బోర్డుల్లో ఏక్యూఏ అయితే రెండేళ్ళ చివర మూడు పేపర్లు. ఒక్కోటి రెండు గంటలు, 96 మార్కులు. మొదటి పేపర్లో జ్ఞాపకశక్తి, తల్లీబిడ్డల అనుబంధం, పదిమందిని చూసి మనం ఎలా మారతాం, మానసిక రుగ్మతలు. రెండో పేపర్లో సగం, అంటే 48 మార్కులు, పరిశోధన పద్ధతులకే. మొత్తం మీద కనీసం పది శాతం మార్కులు లెక్కలకి పోతాయి. లెక్కలు తప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు డిసెంబరు కల్లా నా దగ్గర ఏడుస్తారు. 16 మార్కుల వ్యాసాలు రాయాలి, సతీష్ గారు చెప్పింది నిజం.

మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే మూడోది సైకాలజీ అయినా చాలా మెడికల్ స్కూళ్ళకి అభ్యంతరం లేదు. కేంబ్రిడ్జ్ లాంటి చోట మాత్రం మూడోది కూడా మ్యాథ్సో ఫిజిక్సో ఉన్నవాళ్ళే ఎక్కువ. అక్కడికే వెళ్ళాలనుకుంటే ఆలోచించుకోండి.

నరసరావుపేట_వెంకట్
లిస్టు తీసేస్తే యూనివర్సిటీలవాళ్ళ బుర్రల్లోంచి పోతుందా మేడమ్? సైన్సు అంటున్నారు, మరి ల్యాబ్ ఏది? కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ పిల్లలకి ప్రాక్టికల్స్ చేసినట్టు విడిగా సర్టిఫై చేస్తారు. సైకాలజీకి ఉందా? చెప్పండి.

వైజాగ్_లక్ష్మి
లేదు. అది నిజమే. ప్రయోగం చెయ్యడానికి టెస్ట్ ట్యూబే ఉండాలని రూలు మాత్రం లేదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు 45 మంది విద్యార్థులకి కార్లు గుద్దుకునే ఫిల్ములు చూపించారు. తర్వాత అందరినీ ఒకే ప్రశ్న అడిగారు, కార్లు ఎంత స్పీడులో ఉన్నాయని. మారింది ఒక్క క్రియాపదం. ఒకళ్ళని ‘తగిలినప్పుడు’ అన్నట్టు అడిగారు, ఇంకొకళ్ళని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అన్నట్టు. మొదటివాళ్ళ సగటు గంటకి 31.8 మైళ్ళు, రెండోవాళ్ళది 40 దాటింది. చూసిన ఫిల్ములు అవే. కోర్టులో సాక్షిని ఏ మాటతో అడుగుతారన్న దాన్నిబట్టి జవాబు మారొచ్చు. ఇది సైన్సు కాదంటే ఇంకేది సైన్సో మీరే చెప్పండి.

హౌన్స్‌లో_అనిత
సిక్స్త్ ఫామ్ పిల్లలకి బస్సు ఫ్రీయేనా ఎవరికైనా తెలుసా? మాది లండన్ పరిధిలోకే వస్తుంది.

నరసరావుపేట_వెంకట్
45 మంది విద్యార్థులు! దాన్నిబట్టి మనిషి మెదడు ఇంతే అని తేల్చేశారు. 2015లో పాత ప్రయోగాలు వంద తీసుకుని మళ్ళీ చేసి చూశారు మేడమ్, నిలబడ్డవి 36 శాతం. ఇది నా సొంత పైత్యం కాదు, మావాడే డిగ్రీలో ఉన్నప్పుడు చెప్పాడు. వంద వంతెనలు కడితే అరవైనాలుగు కూలిపోయే ఇంజినీర్ని ఎవరైనా పనిలో పెట్టుకుంటారా?

వైజాగ్_లక్ష్మి
ఆ లెక్క తీసింది సైకాలజీవాళ్ళే. తమ ఇల్లు తామే తవ్వి చూసుకుని, ఫలితం అచ్చేసి లోకానికి చెప్పారు. దాన్ని మేము క్లాసులో దాచం. మీ అబ్బాయికి అది తెలిసిందంటే సరిగ్గా చెప్పినవాళ్ళ దగ్గర చదివాడన్నమాట.

ఇంతకీ మీవాడు సైకాలజీ చదివాడా? మొదటి పోస్టులో ఆ ముక్క చెప్పలేదే.

నరసరావుపేట_వెంకట్
చదివాడు. అందుకే చెబుతున్నా. ఎ-లెవెల్లో ఎ, డిగ్రీలో టూ-వన్, అంటే సెకండ్ క్లాసులో పైది. డిగ్రీ అయ్యాక సైకాలజిస్టు అయిపోతాడని మాకు తెలియక మురిసిపోయాం. క్లినికల్ సైకాలజిస్టు అని పేరు పెట్టుకోవాలంటే ఇంకో మూడేళ్ళ డాక్టరేట్ చెయ్యాలి, ఆరోగ్య వృత్తులవాళ్ళని నమోదు చేసే హెచ్‌సీపీసీలో రిజిస్టర్ కావాలి. ఆ డాక్టరేట్లో సీటుకి ముందు ఎక్కడో పనిచేసి అనుభవం చూపించాలి. రెండుసార్లు అప్లై చేశాడు, రెండుసార్లూ రాలేదు. ఇప్పుడు ఒక వార్డులో సపోర్ట్ వర్కర్. నైట్ డ్యూటీలు. వాడి ఈడువాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటున్నారు.

లక్ష్మి గారికి ఆ సబ్జెక్టు మీదే జీతం కాబట్టి వెనకేసుకొస్తారు. ఆడపిల్లని తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో కూర్చోబెడతారా రాధిక గారూ, మీరే ఆలోచించుకోండి.

వైజాగ్_లక్ష్మి
మాట జారారు వెంకట్ గారూ. జీతం కోసం రాస్తున్నానా? స్కూలు ముగిసి, మార్కింగ్ ముగిసి, రాత్రి పదకొండింటికి కూర్చుని రాస్తున్నాను.

పిచ్చాసుపత్రి అన్నారు. మా ఊళ్ళో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే ‘పెదవాల్తేరు పంపాలి’ అంటారు, హైదరాబాదులో ‘ఎర్రగడ్డ’ అంటారు. మా చిన్నన్నయ్య నిజంగానే పెదవాల్తేరులో నెల రోజులున్నాడు. నాకు అప్పుడు పంతొమ్మిది. సంబంధాలు చూస్తున్నారని మా ఇంట్లో అందరికీ ‘వాడు ఒరిస్సాలో ఉద్యోగంలో ఉన్నాడు’ అని చెప్పారు. అన్నయ్యకి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని, చున్నీ మొహానికి కప్పుకుని. నేను ఈ చదువులోకి వచ్చింది అందుకు. మీరు వాడిన మాట వెనక్కి తీసుకోవాలి.

స్లౌ_ప్రసాద్
అన్నా, వదినా, ఇద్దరూ శాంతించండి. ఆవిడ అడిగింది సంతకం గురించి.

నరసరావుపేట_వెంకట్
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అన్నయ్యని ఉద్దేశించి కాదు.

కానీ మీరు అడిగారు కాబట్టి అసలు సంగతి చెబుతా. ఉద్యోగం రాకపోవడం కాదు నా బాధ. మేము 2001లో వచ్చాం. వాడు అప్పుడు పది నెలల పిల్లాడు. నాకు వీసా ఒక చోట, పని ఇంకో చోట, ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మా ఆవిడ కూడా పనికి వెళ్తే తప్ప గడవదు. అందుకని నరసరావుపేటలో మా అత్తగారి దగ్గర వదిలాం. నాలుగేళ్ళు నిండాక తెచ్చుకున్నాం. ఆరోజుల్లో ఎంతమంది అలా చెయ్యలేదు? మా వీధిలోనే మూడు కుటుంబాలు.

ఇయర్ 12లో, అంటే సిక్స్త్ ఫామ్ మొదటి ఏడు, క్రిస్మస్ ముందు ఒకరోజు అన్నం తింటూ వాడు పుస్తకం తెరిచి చదివి వినిపించాడు. బౌల్బీ అనే సైకియాట్రిస్టు అట, 1944లో 44 మంది దొంగతనాలు చేసిన పిల్లల్ని చూశాడట. వాళ్ళలో 14 మందికి అసలు ప్రేమంటే తెలియదట, ఆ 14 మందిలో 12 మంది చిన్నప్పుడు తల్లికి ఎక్కువకాలం దూరంగా ఉన్నవాళ్ళట. మొదటి రెండున్నరేళ్ళు తల్లి దగ్గర లేకపోతే ఇక సరికాదట. చదివి పుస్తకం మూసి, ‘నేను లెక్కలోకి వస్తానా నాన్నా?’ అన్నాడు. మా ఆవిడ చెయ్యి కడుక్కోకుండా లేచి పైకి వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి మా ఇంట్లో ఆ మాట అలాగే ఉంది. పదహారేళ్ళ పిల్లాడి చేతికి ఇలాంటిది ఇవ్వొచ్చా? ఫిజిక్స్ చదివిన పిల్లాడు తల్లిని ఇలా అడుగుతాడా?

కరీంనగర్_సతీష్
మా తమ్ముడి కొడుకును గూడ గట్లనే ఇడిసిపెట్టిండ్రు అన్నా. నువ్వు ఒక్కనివే గాదు.

వైజాగ్_లక్ష్మి
వెంకట్ గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ పాఠం నేను ఏటా చెబుతాను. ముందు వరసలో మనవాళ్ళ పిల్లలు, పాకిస్తానీ పిల్లలు, పోలండ్ పిల్లలు ఉంటారు. అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఆ 44 మంది దగ్గర ఆగకూడదు. ఆ పిల్లల్ని ఇంటర్వ్యూ చేసిందీ బౌల్బీయే, ఫలానావాడికి ప్రేమ తెలియదని తేల్చిందీ బౌల్బీయే. తనకి కావలసింది తనే చూసే ప్రమాదం ఉందని అదే పాఠంలో రాయిస్తాం. 1964లో గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని ఇంటికెళ్ళి చూసిన పరిశోధన ఉంది. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు అమ్మ ఒక్కదానికే కాదు, నాన్నకో, అవ్వకో, తాతకో కూడా అంటుకుపోయి ఉన్నారు. మీవాడు అనాథాశ్రమంలో లేడు, అమ్మమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఈ గ్లాస్గో సంగతి వాడికి ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆరోజు వాడికి బౌల్బీదే కావలసివచ్చిందో.

ఆ ప్రశ్న మాత్రం పుస్తకంలోంచి వచ్చింది కాదు. వాడి దగ్గర ముందునుంచే ఉంది.

నరసరావుపేట_వెంకట్
ఉంటే ఉండనివ్వాలి. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. తవ్వుకుంటూ పోతే ఏ ఇల్లూ నిలవదు.

రాధిక_రెడింగ్
మావారు అచ్చం ఇదే మాట అన్నారు. ‘అయిపోయినవి తవ్వడానికి ఆ చదువు’ అని. నేను మొదటి పోస్టులో చెప్పనిది ఇప్పుడు చెబుతాను.

మేము వచ్చిన రెండో చలికాలం నాకు బాగుండేది కాదు. నాలుగింటికే చీకటి. పొద్దున లేచి సోఫాలో కూర్చుంటే పాప స్కూలు నుంచి వచ్చేదాకా అక్కడే ఉండేదాన్ని. స్టవ్ మీద పాలు పొంగి మాడిపోయినా లేచేదాన్ని కాదు. మావారు వారమంతా మాంచెస్టర్లో. చివరికి జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్తే ఒక కాగితం ఇచ్చారు, తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఇలా ఎన్ని రోజులు అనిపించింది, అసలు లేదా, కొన్ని రోజులా, సగం రోజుల పైనా, దాదాపు రోజూనా. నాకు ఇంగ్లీషు అప్పుడు అంతంతమాత్రం. పాపకి పదకొండేళ్ళు. అదే ఒక్కొక్కటి చదివి తెలుగులో చెప్పింది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఇలాంటివి. తొమ్మిదోది చదువుకుని కాసేపు ఆగింది. తర్వాత, ‘అమ్మా, ఊరికి వెళ్ళిపోవాలనిపిస్తోందా అంటున్నారు’ అంది. నేను ‘రోజూ’ అన్నాను. అది టిక్ పెట్టింది, కాగితం ఇచ్చేశాం.

ఈమధ్య కాలేజీ ఓపెన్ ఈవెనింగ్‌లో సైకాలజీ క్లాసు నమూనాగా చెప్పారట. లక్ష్మి గారు రాసిన ఆ కార్ల ప్రయోగమే. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ‘అమ్మా, ఆరోజు తొమ్మిదో ప్రశ్న అది కాదు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని ఉంది. నాకు ఆ మాట నీతో అనడం రాలేదు. నువ్వు రోజూ అన్నావు. నేను అసలు లేదు అన్న దానిమీద టిక్ పెట్టాను.’ ఐదేళ్ళు అది కడుపులో పెట్టుకుని తిరిగింది. మావారు వంటింట్లోంచి విన్నారు. అప్పటినుంచే ఆయన సైకాలజీ వద్దంటున్నారు. మ్యాథ్స్ గురించి ఒక్కరోజు కూడా మాట్లాడలేదు.

నేను బాగానే ఉన్నాను ఇప్పుడు. కంగారు పడకండి.

లీడ్స్_నర్స్_సుజాత
రాధిక గారూ, పాపది ఏ తప్పూ లేదు. పిల్లల చేత అలా చెప్పించకూడదు. జీపీ దగ్గర తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగొచ్చు, డబ్బులు తీసుకోరు. ఫోన్లో అయినా ఏర్పాటు చేస్తారు. చదివేవాళ్ళందరూ మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు గుర్తుపెట్టుకోండి.

స్లౌ_ప్రసాద్
🙏

వైజాగ్_లక్ష్మి
రాధిక గారూ, పాపకి ఈ పాఠాలు కష్టంగా తగిలే రోజులు ఉంటాయి. మానసిక రుగ్మతల పాఠంలో డిప్రెషన్ వస్తుంది. టీచరుకి ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి, వివరాలు అక్కర్లేదు. నాకైతే పిల్లలు చెబితే ఆ వారం వాళ్ళని ప్రశ్నలు అడగను.

రాధిక_రెడింగ్
నిన్న రాత్రి ఈ చర్చంతా మావారికి చదవమని ఇచ్చాను. వెంకట్ గారి పోస్టు దగ్గర చాలాసేపు ఆగారు. ఫోన్ తిరిగిచ్చేసి పడుకున్నారు, ఏమీ అనలేదు. పొద్దున ఫారం మీద నేనే సంతకం పెట్టాను. మ్యాథ్స్ పుస్తకాలు పాప తిరిగి ఇచ్చేసింది. బోర్డు ఏక్యూఏనే.

కరీంనగర్_సతీష్
మా బిడ్డ ఫ్లాష్ కార్డులు రెండు డబ్బాలున్నయ్ అక్కా. అడ్రస్ మెసేజ్ చెయ్యి, పంపుత.

నరసరావుపేట_వెంకట్
మ్యాథ్స్ విషయంలో నా మాట అదే, మారదు. కెమిస్ట్రీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలనివ్వకండి.

లక్ష్మి గారూ, ఆ గ్లాస్గో పరిశోధన చేసినవాళ్ళ పేర్లు రాయండి. మావాడికి పంపాలి.

వైజాగ్_లక్ష్మి
రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్. 1964.