బెసెంట్ నగర్ తీరంలో సముద్రపు పక్షుల ఫోటోలు: కన్ను ఎందుకు స్పష్టంగా రావడం లేదు?

ప్రశ్న (తిరువాన్మియూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. పోయిన నవంబరు నుంచి ప్రతి ఆదివారమూ బెసెంట్ నగర్ తీరానికీ, దానికి ఉత్తరాన అడయారు నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికీ వెళ్లి, చలికాలానికి వలస వచ్చిన సీగల్స్‌నూ, వాటిని పోలిన సన్నటి సముద్రపు పక్షులైన టెర్న్‌లనూ ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గర ఏపీఎస్-సి సెన్సారు గల 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా, 100-400 మి.మీ. లెన్స్, కెమెరాతో పాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్స్ ఉన్నాయి.

ఇప్పటికి నాలుగు వేలకు పైగా ఫోటోలు తీశాను. పెద్దవి చేసి చూస్తే పక్షి కన్ను స్పష్టంగా ఉన్నవి పది కూడా లేవు. ఎగిరే పక్షిని తీసినప్పుడు వెనక ఉన్న కెరటం నురగలోని బుడగలతో సహా కనిపిస్తుంది, పక్షి మాత్రం మసకగా ఉంటుంది. ఇసుక తిన్నె మీద కదలకుండా కూర్చున్న గుంపును ట్రైపాడ్ వేసి 1/1600 సెకను షట్టర్ వేగంతో తీసినా ఈకల గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. తీర దృశ్యాల సంగతీ అంతే. సూర్యోదయ వేళ అడయారు మొగ దగ్గరి విరిగిన వంతెనను ఎఫ్/22 (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసే అమరిక) పెట్టి తీస్తే ముందున్న పడవా సరిగా రాలేదు, వెనకనున్న వంతెనా సరిగా రాలేదు. లెన్స్ కొన్న దుకాణంలో చూపిస్తే, పక్షులకు ఇది చాలదు, ఇంకా ఖరీదైనది తీసుకోవాలన్నారు. అంత డబ్బు పెట్టే ముందు లోపం లెన్స్‌లో ఉందో నా పద్ధతిలో ఉందో తెలుసుకోవాలనుకుంటున్నాను. ఎగిరే పక్షులకు 1/800 వేగం వాడతాను. ఫ్రేములో ఎక్కడ ఏది దొరికితే దాన్ని పట్టుకునేలా ఆటోఫోకస్ ఉంచుతాను. సాధారణంగా ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు తీస్తాను.

మొదటి సమాధానం (అడయారు నుంచి)

అయ్యా, దయచేసి ఇప్పుడే కొత్త లెన్స్ కొనకండి. మీరు చెప్పిన మూడు మసకలకూ మూడు వేరువేరు కారణాలు ఉన్నాయి, వాటిలో ఏదీ లెన్స్ లోపంలా నాకు అనిపించడం లేదు. అనుమానం పూర్తిగా తీరాలంటే, ఒక వేకువన ఇంటి గోడకు దినపత్రిక అంటించి, ఆరు మీటర్ల దూరం నుంచి ట్రైపాడ్ మీద 400 మి.మీ. వద్ద తీయండి. చిన్న అక్షరాల గుడిసుళ్లూ తలకట్లూ విడివిడిగా కనిపిస్తే మీ లెన్స్ బాగున్నట్టే.

ఎగిరే పక్షి విషయం చెబుతాను. ఫ్రేములో ఎక్కడైనా పట్టుకోమని వదిలేసిన ఆటోఫోకస్, వెలుగుచీకట్ల తేడా ఎక్కడ బలంగా ఉంటే అక్కడికి పోతుంది. నల్లటి నీటి మీద తెల్లటి నురగకు ఉన్నంత తేడా బూడిద రంగు రెక్కకు ఉండదు కనుక, అది పక్షిని విడిచి కెరటాన్ని పట్టుకుంటున్నది. ఫ్రేము మధ్యలోనే ఫోకస్ వెతికే చిన్న జోన్‌కు మార్చండి. కదిలే దాని వెంట మారుతూ ఉండే నిరంతర ఫోకస్ పెట్టండి. దాన్ని కానన్ కెమెరాల్లో సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అంటారు. పక్షి కన్నును గుర్తించే సౌకర్యం మీ కెమెరాలో ఉంటే వాడండి కానీ, అది కూడా పక్షి ఫ్రేములో కాస్త పెద్దదయ్యాకే నిలకడగా పని చేస్తుంది. ముందుగా, పక్షి వస్తుందనుకున్న దూరంలోనే ఉన్న ఒక పడవ మీదో రాయి మీదో ఫోకస్ చేసి పెట్టుకోండి. పక్షి దూరంగా ఉండగానే జోన్‌లోకి తెచ్చుకుని, బటన్ సగం నొక్కి పట్టి, దాని వెంట కెమెరాను తిప్పుతూ, దగ్గరికి వచ్చాక మాత్రమే తీయండి. దగ్గరికి వచ్చాక వెతకడం మొదలుపెడితే లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉండగానే పక్షి దాటిపోతుంది.

వేగం గురించి ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 36 కిలోమీటర్లతో పోయే సీగల్ సెకనుకు పది మీటర్లు కదులుతుంది. 1/1000 సెకనులో అది ఒక సెంటీమీటరు జరుగుతుంది. ఇరవై మీటర్ల దూరం నుంచి 400 మి.మీ. లెన్స్‌తో తీస్తే ఆ ఒక్క సెంటీమీటరు మీ సెన్సారు మీద దాదాపు యాభై పిక్సెళ్ల గీత అవుతుంది. కెమెరాను పక్షి వేగానికి సరిగ్గా జోడించి తిప్పితే ఇందులో చాలా భాగం పోతుంది కానీ, రెక్కల ఆడింపు పోదు. అందుకే 1/2000కు తగ్గకండి, టెర్న్ నీటిలోకి దూకేటప్పుడు 1/3200 పెట్టండి. దానికోసం ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600కు పెరిగితే పెరగనివ్వండి. ఐఎస్ఓ వల్ల వచ్చే గింజలను తరువాత తగ్గించుకోవచ్చు, కదలిక వల్ల కలిసిపోయిన ఈకలను విడదీయలేము.

ఇక చెన్నైలో నిలబడే చోటు గురించి, నేను చాలా సంవత్సరాలు పొరపాటు పడి నేర్చుకున్న సంగతి ఒకటి ఉంది. మన తీరం తూర్పు ముఖం. పొద్దున సముద్రం వైపు చూస్తూ నిలబడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షి నల్లటి బొమ్మ అవుతుంది, కన్ను కనిపించదు, ఫోకస్‌కు పట్టు దొరకదు. సాయంత్రం వెలుగు మన వీపు వైపు నుంచి వస్తుంది కానీ, మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీది నుంచి వీస్తుంది, పక్షులు గాలికి ఎదురుగా తేలతాయి కనుక మనకు తోకలే కనిపిస్తాయి. ఈ రెండు చిక్కులూ తప్పే చోటు అడయారు మొగకు దక్షిణపు ఒడ్డు, అంటే ఊరూర్ కుప్పం అనే జాలరుల పల్లె వైపు. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంలో ఉదయిస్తాడు. ఆ ఒడ్డున ఉత్తరం వైపు, కాస్త వాయవ్యం వైపు తిరిగి నిలబడితే వెలుగు మీ కుడి భుజం వెనక నుంచి పడుతుంది, నేల వైపు నుంచి వీచే వేకువ గాలికి ఎదురుగా తేలే పక్షులు పక్క నుంచి కనిపిస్తాయి. పక్క నుంచి కనిపించడం ఎంత ముఖ్యమో ఇంకో లెక్క చెబుతుంది: పది మీటర్ల దూరంలో 400 మి.మీ., ఎఫ్/5.6 వద్ద మీకు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 14 సెంటీమీటర్లే. మీకు ఎదురుగా వచ్చే పక్షిలో ముక్కు మీద ఫోకస్ పడితే తోక ఎప్పుడూ మసకే. పక్కగా పోయే పక్షిలో కన్నూ, మెడా, ఒళ్లూ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి.

రెండవ సమాధానం (రాయపురం నుంచి)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. కూర్చున్న పక్షుల మసక గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే పులికాట్‌లో ఇదే కారణంగా రెండు చలికాలాలు పోగొట్టుకున్నాను.

మీ తప్పు సమయంలో ఉంది. ఎండ ఎక్కిన తరువాత ఇసుక తన మీది గాలిని వేడి చేస్తుంది. వేడి గాలీ చల్ల గాలీ కలిసే చోట వెలుతురు వంకరలు తిరుగుతుంది. వేసవిలో తారు రోడ్డు మీద ఎండమావులను చూపించే వేడే ఇక్కడా పని చేస్తున్నది. కంటికి తెలియకపోయినా 400 మి.మీ. లెన్స్ దాన్ని పట్టి చూపిస్తుంది. దీనికి ట్రైపాడ్ గానీ, షట్టర్ వేగం గానీ, ఎంత ఖరీదైన లెన్స్ గానీ మందు కాదు. గుర్తు పట్టడం సులువు: కూర్చున్న ఒకే పక్షిని వరుసగా పది ఫ్రేములు తీసి ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూడండి. పదీ ఒకేలా మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఒక్కో ఫ్రేములో ముక్కు అంచు ఒక్కో రకంగా వంగి, ఒకటి రెండు మాత్రం కాస్త మెరుగ్గా ఉంటే అది గాలి చేసిన పని.

కాబట్టి తెల్లవారుజామునే వెళ్లి ఎనిమిదింటికి లెన్స్ సంచిలో పెట్టేయండి. మధ్యలో ఉన్న గాలి ఎంత తగ్గితే అంత మంచిది కనుక, అరవై మీటర్ల నుంచి తీసి కత్తిరించుకోవడం కంటే ఇరవై మీటర్లకు చేరి తీయడం ఎన్నో రెట్లు మేలు. చేరడం అంటే నడిచి మీద పడటం కాదు. నీటి అంచుకు కొంచెం ఎడంగా ఇసుక మీద కూర్చుని, కెమెరాను పక్షి కంటి ఎత్తుకు దించి, పావుగంట కదలకుండా ఉంటే అలల వెంట పరుగెత్తే ఉల్లంకి పిట్టలు వాటంతట అవే దగ్గరికి వస్తాయి. దయచేసి గుంపును లేపి ఎగిరే ఫోటో తీయకండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి తిండికీ విశ్రాంతికీ దిగిన ప్రాణులవి.

ఇంకొకటి ఉప్పు. గంటసేపు కెరటాల దగ్గర నిలబడితే లెన్స్ అద్దం మీద సన్నటి పొర పేరుకుంటుంది, ఫోటో మొత్తం పాలిపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు అద్దాన్ని గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తరువాత మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తరువాతే పొడిగుడ్డ వాడాలి. ఏసీ గదిలో పెట్టిన కెమెరాను నేరుగా తీరంలో తెరిస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది కనుక, సంచి మూసే ఉంచి అరగంట ఆగండి.

మూడవ సమాధానం (మైలాపూరు నుంచి)

తీర దృశ్యాల సంగతి నేను చెబుతాను. ఎఫ్/22 వద్ద వెలుతురు సన్నటి రంధ్రం అంచుల దగ్గర చెదిరిపోయి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. మీ 18-55 లెన్స్‌ను 18 మి.మీ., ఎఫ్/11 వద్ద పెట్టి, మీ నుంచి ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న దాని మీద ఫోకస్ చేసి, ఆటోఫోకస్ ఆపేయండి. అప్పుడు ముప్పాతిక మీటరు నుంచి దిగంతం వరకు అంతా తగినంత స్పష్టంగా వస్తుంది. పడవ ముందు అంచు ముప్పాతిక మీటరు కంటే దగ్గరగా ఉంటే మాత్రం ఒక అడుగు వెనక్కి వేయండి.

రెండవ కారణం ట్రైపాడ్ అనుకుంటున్నాను. తడి ఇసుకలో అల వెనక్కి పోతున్నప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. నీళ్లలో నిలబడినప్పుడు మన మడమల కింద తెలిసేది అదే. సెకను పాటు తెరిచి ఉంచే ఫోటోలో ఆ చిన్న కుంగుబాటు చాలు. కాళ్లను చేత్తో అదిమి లోతుగా దింపి, ఒకటి రెండు అలలు పోనిచ్చి, అల వచ్చి తగిలే వేళ గాక వెనక్కి పోయి నీరు నిలకడగా ఉన్న వేళ, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. మధ్య కడ్డీని పైకి లేపకండి. ఇంటికి వచ్చాక కాళ్లను మంచినీళ్లతో కడగండి, లేకపోతే కీళ్లు ఉప్పుకు బిగుసుకుపోతాయి.

అడిగినవారు మళ్లీ (మూడు వారాల తరువాత)

ముగ్గురికీ కృతజ్ఞతలు. దినపత్రిక పరీక్షలో అక్షరాలన్నీ చదవగలిగాను, కనుక లెన్స్ ఆలోచన మానుకున్నాను. పోయిన ఆదివారం ఆరింటికే ఊరూర్ కుప్పం వైపు ఒడ్డుకు చేరాను. ఏడుంబావు ప్రాంతంలో జాలరులు వల విదిలిస్తుండగా సీగల్స్ గుంపు తక్కువ ఎత్తులో తేలింది. 1/2500, ఎఫ్/6.3, మధ్య జోన్‌తో నూట ఎనభై ఫ్రేములు తీస్తే ముప్పై ఒకటి స్పష్టంగా వచ్చాయి. వాటిలో ఒకదాన్ని పెద్దది చేస్తే ఎర్రటి ముక్కు కొన మీది నలుపూ, చెవి దగ్గరి ముదురు మచ్చా, లేత పసుపు కంటి చుట్టూ సన్నటి ఎర్ర అంచూ విడివిడిగా కనిపించాయి. పక్కనే ఎగురుతున్న ఇంకో పక్షికి కన్ను పూర్తిగా నల్లగా ఉంది. అది వేరే జాతా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషం. లేత కన్ను ఉన్నది ఎదిగిన గోధుమ తల సీగల్. నల్ల కన్ను ఉన్నది నల్ల తల సీగల్ కావచ్చు, లేదా ఇంకా ఎదగని గోధుమ తల పక్షి కావచ్చు. రెండవ పక్షి రెక్క విప్పిన ఫ్రేము ఉంటే రెక్క కొన చూడండి. ఎదిగిన గోధుమ తల పక్షికి కొనలో వెడల్పైన నలుపూ, అందులో తెల్లటి చుక్కలూ ఉంటాయి; నల్ల తల పక్షికి రెక్క ముందు అంచు వెంట పొడవైన తెల్లటి పట్టె ఉండి, నలుపు కొన అంచున సన్నగా మాత్రమే కనిపిస్తుంది. ఆ ఫ్రేము ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.